వానాకాలంలో ఇంట్లో సైకిల్ సాధన: రోలర్లు కొనాలా, ట్రైనర్ కొనాలా?

జూన్‌లో తొలకరి పడింది మొదలు సెప్టెంబరు చివరి దాకా మన ఊళ్లలో సైకిల్ తొక్కేవారికి రోడ్డు నమ్మకంగా దొరకదు. తెల్లవారుజామున కురిసే జల్లు, నీళ్ల కింద కనపడని గుంటలు, ఆఫీసు వేళకు ఇల్లు చేరవలసిన తొందర కలిసి వారంలో మూడు నాలుగు రోజులు బయలుదేరనివ్వవు. దూరప్రయాణాలకు అనువైన కాలం మాత్రం ఆ వెంటనే, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వస్తుంది. వానల్లో సాధన తెగిపోతే చలికాలపు మొదటి ప్రయాణంలోనే కాళ్లు ఆ సంగతి చెబుతాయి కనుక, ఇంట్లోనే తొక్కడానికి ఏదో ఒక సాధనం సమకూర్చుకోవాలన్న ఆలోచన చాలామందికి జూలైలోనే మొదలవుతుంది.

అంగడిలో దొరికేవి ప్రధానంగా నాలుగు రకాలు: తిరిగే సిలిండర్ల మీద సైకిల్‌ను నిలిపి తొక్కే రోలర్లు, వెనక చక్రాన్ని బిగించే మామూలు ట్రైనర్, వెనక చక్రం తీసేసి సైకిల్‌ను నేరుగా తగిలించే డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్, వ్యాయామశాలల్లో కనిపించే స్పిన్ బైక్. నా అభిప్రాయం ముందే చెబుతాను. చదును రోడ్ల మీద గంటల తరబడి తొక్కవలసినవారికి, వారాంతంలోనైనా బయటికి వెళ్లగలిగినవారికి రోలర్లు మంచివి. వాటికి రావలసినంత గౌరవం మన దగ్గర రాలేదు. ఘాట్ రోడ్డు ఎక్కవలసినవారూ, వారం మొత్తం మీద మూడు నాలుగు గంటలకు మించి సమయం లేనివారూ రోలర్ల జోలికి పోకుండా, రెసిస్టెన్స్ (పెడల్‌కు తగిలే బరువు) పెంచుకోగల ట్రైనర్ తీసుకోవాలి. ఎందుకంటే ఈ రెండు ప్రయాణాలూ కాళ్లను అడిగేది ఒకటి కాదు.

ఏ ప్రయాణానికి సిద్ధమవుతున్నారు?

సైకిల్ మీద దూరం వెళ్లేవారిలో చాలామంది లక్ష్యం బీఆర్ఎం, అంటే పోటీ లేకుండా, నిర్ణీత దూరాన్ని గడువులోగా ముగించే ప్రయాణం. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో, 300 కిలోమీటర్లను 20 గంటల్లో, 400ను 27 గంటల్లో, 600ను 40 గంటల్లో ముగించాలన్నది దాని నియమం. ఈ నాలుగు దూరాలనూ ఒకే సీజనులో, అంటే నవంబరు మొదటి తేదీ నుంచి మరుసటి అక్టోబరు చివరిలోగా పూర్తిచేసినవారిని సూపర్ రాండొనర్ అంటారు. నాలుగేళ్లకోసారి ఫ్రాన్సులో జరిగే 1200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ మళ్లీ 2027లో ఉంది. అందులో పాల్గొనదలచినవారు ఈ నాలుగు దూరాలనూ ఆ సంవత్సరపు సీజనులోనే ముగించాలి కనుక, అంతకు ముందు వచ్చే వానాకాలాన్ని వారు వృథా చేసుకోలేరు.

నియమాల్లోని గడువును లెక్కగడితే గంటకు 15 కిలోమీటర్ల సగటు చాలు. టిఫిన్‌కు ఆగినా, పంక్చరు వేసుకున్నా, దారిలోని తనిఖీ చోటు (కంట్రోల్) దగ్గర కార్డు మీద ముద్ర వేయించుకున్నా గడియారం ఆగదు కాబట్టి, నిజానికి రోడ్డు మీద 20 నుంచి 25 కిలోమీటర్ల వేగాన్ని నిలకడగా ఉంచగలగాలి. ఇక్కడ కావలసింది ఉరుకు కాదు. శక్తిని దుబారా చేయకుండా, ఒకే తీరున, ఎనిమిది పది గంటలు కాలు తిప్పగలగడం.

ఘాట్ రోడ్డు సంగతి వేరు. 70 కిలోల మనిషి, 12 కిలోల సైకిల్ అనుకుందాం. గాలి లేని వేళ చదును రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోవడానికి సుమారు 125 వాట్లు సరిపోతాయి. అదే మనిషి ఆరు శాతం ఎక్కుడులో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోవడానికి సుమారు 150 వాట్లు కావాలి. ఈ రెండు అంకెలు చూస్తే తేడా పెద్దగా లేదనిపిస్తుంది. అయితే చదునులో నిమిషానికి 85, 90 సార్లు పెడల్ తిప్పుతూ ఆ పనిని చిన్న చిన్న ముక్కలుగా పంచుకునే కాళ్లు, ఎక్కుడులో ముందు 34 పళ్లు, వెనక 28 పళ్ల గేరు వేసినా ఆ వేగం దగ్గర నిమిషానికి 65 సార్లే తిప్పగలవు. అంటే ఒక్కొక్క తొక్కుకు వేయవలసిన బలం ఒకటిన్నర రెట్లకు పైనే అవుతుంది, పైగా మధ్యలో ఒక్క క్షణం కాలు ఆపినా సైకిల్ నిలిచిపోతుంది. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకుకు పోయేవారూ, నర్సీపట్నం వైపు నుంచి లంబసింగి ఎక్కేవారూ, బెంగళూరులో ఉంటూ వారం వారం నంది హిల్స్‌కు బయలుదేరే మనవాళ్లూ సిద్ధం కావలసింది ఈ బరువుకే.

రోలర్లు

ఒక చట్రంలో మూడు సిలిండర్లుంటాయి. వెనక చక్రం రెండు సిలిండర్ల నడుమ కూర్చుంటుంది, ముందు చక్రం మూడో సిలిండర్ మీద నిలుస్తుంది. వెనక సిలిండర్లలో ఒకదానికీ ముందు సిలిండర్‌కూ రబ్బరు బెల్టు వేసి ఉంటుంది కనుక, మీరు పెడల్ తిప్పగానే రెండు చక్రాలూ తిరుగుతాయి. సైకిల్‌ను ఏదీ పట్టుకుని ఉండదు. రోడ్డు మీద ఎలా తూకం నిలుపుకుంటారో ఇక్కడా అలాగే నిలుపుకోవాలి, కాకపోతే రోడ్డు వెడల్పు రెండు జానలకు మించదు.

రోలర్ల గొప్పదనమంతా ఈ ఒక్క ఇబ్బందిలోనే ఉంది. ట్రైనర్ మీద ఒళ్లు ఊపుతూ, ఒక కాలితో గట్టిగా తన్నుతూ, భుజాలు బిగించుకుని తొక్కినా యంత్రం ఏమీ అనదు. రోలర్ల మీద ఆ తప్పు తక్షణం చక్రంలో కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది కూడా. కొత్తవారు తొక్కేటప్పుడు సిలిండర్ల హోరు ఒక్కొక్క తొక్కుకు లేచి పడుతూ, లేచి పడుతూ ఉంటుంది. పెడల్ కిందికి పోయినప్పుడే బలం వేసి, పైకి వచ్చే కాలిని బరువుగా వదిలేయడం దీనికి కారణం. కొన్ని వారాలు గడిచాక ఆ లేచి పడటం తగ్గి, హోరు ఒకే స్థాయిలో, గీత గీసినట్టు సాగుతుంది. పెడల్ మీద వేసే శక్తిని కొలిచే పవర్ మీటరు లేనివారికి కాలు ఎంత గుండ్రంగా తిరుగుతోందో చెప్పే పరికరం ఇంతకంటే చవకగా మరొకటి దొరకదు. హైవే అంచున తెల్లగీతకు అవతల మూడు అడుగుల జాగాలో, పక్కనే లారీలు పోతుండగా గంటల తరబడి సైకిల్‌ను నిటారుగా నడపవలసినవారికి ఈ అభ్యాసం నేరుగా పనికొస్తుంది. రాత్రి పూట 300, 400 కిలోమీటర్ల ప్రయాణాల్లో అలసిన చేతులు హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పే అలవాటు కూడా దీనివల్ల తగ్గుతుంది.

రోలర్లకు ఇంకొక సదుపాయముంది, దాన్ని అమ్మేవారు కూడా సరిగా చెప్పరు. వాటికి సైకిల్‌ను దేనితోనూ బిగించనక్కరలేదు. ఇరుసు మీటతో విప్పే క్విక్ రిలీజా, మరతో బిగించే త్రూ ఆక్సిలా, పాత హైబ్రిడ్‌లకు (రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ బైక్‌కూ మధ్యరకం) ఉండే నట్టు బోల్టా అన్న ప్రశ్న రాదు, అడాప్టరు కోసం వెతకనక్కరలేదు. కార్బన్ ఫ్రేమును ట్రైనర్‌కు బిగిస్తే వారంటీ ఉంటుందా పోతుందా అన్న సందేహమూ ఉండదు. కరెంటు అక్కరలేదు. పని కాగానే మడిచి మంచం కిందికి తోసేయవచ్చు.

ఇక లోపాలు. పైన చెప్పిన ఘాట్ రోడ్డు బలం రోలర్ల మీద పూర్తిగా రాదు. ముందు 50, వెనక 11 పళ్ల గేరు వేసి నిమిషానికి 65 సార్లు తిప్పితే కొంత బరువు తగులుతుంది, కాని సీటు మీద నుంచి లేచి తొక్కడానికీ, ఉన్నట్టుండి బలం పెంచడానికీ వీలుండదు. ప్రయత్నిస్తే చక్రం పక్కకు జరుగుతుంది. సిలిండర్ ఎంత సన్నగా ఉంటే రెసిస్టెన్స్ అంత ఎక్కువ. నాలుగున్నర అంగుళాల లావు సిలిండర్లు తేలికగా తిరుగుతాయి, మూడు అంగుళాలు, అంతకన్నా సన్నవి కాళ్లకు ఎక్కువ పని చెబుతాయి. అందుచేత కొనేటప్పుడు లావును తప్పక అడగాలి. అయస్కాంతంతో రెసిస్టెన్స్ పెంచే రోలర్లూ, అంచుల దగ్గర సిలిండర్ లావెక్కి చక్రాన్ని మధ్యకు తోసేవీ ఉన్నాయి. తొలిసారి కొనేవారికి ఈ రెండు గుణాలూ ఉన్నవి మేలు. సైకిల్‌తో పాటు ముందుకూ వెనక్కూ కదిలే చట్రం ఉన్న రోలర్ల మీద లేచి నిలబడి తొక్కడం కూడా సాధ్యమే, కాని వాటి ధర చూశాక డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్ గుర్తుకొస్తుంది.

రోలర్ల మీద స్పీడోమీటరు చూపే అంకెను మాత్రం ఎవరికీ చెప్పుకోకండి. రోడ్డు మీద వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో, అంటే వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లుగా పెరుగుతుంది. రోలర్ల మీద గాలి అడ్డే లేదు. 1899 జూన్ 30న అమెరికాలో లాంగ్ ఐలండ్‌లో చార్లెస్ మర్ఫీ అనే ఆయన రైలు పెట్టె వెనక గాలి తగలని చోట సైకిల్ తొక్కి ఒక మైలును 57.8 సెకన్లలో, అంటే గంటకు దాదాపు 100 కిలోమీటర్ల వేగంతో దాటాడు. గాలిని పక్కకు తొలగిస్తే ఎంత వేగమైనా సాధ్యమని ఆయన వాదన. ఆయన రోలర్ల మీద ఆరితేరినవాడు కూడా. కాబట్టి మీ గదిలో 38 కనిపించిందంటే రోడ్డు మీద 38 వస్తుందని కాదు. గుండె వేగం, ఊపిరి, గంట సేపు ఆగకుండా తొక్కగలిగారా లేదా అన్నవే సరైన కొలతలు.

చక్రం బిగించే ట్రైనర్లు

ఇవి ప్రధానంగా రెండు రకాలు. అయస్కాంతంతో పనిచేసేవి చవకగా దొరుకుతాయి, హ్యాండిల్‌కు తగిలించిన మీటతో రెసిస్టెన్స్ మార్చుకోవచ్చు, కాని వాటి మీద పెడల్ రోడ్డు మీదిలా సాఫీగా తిరగదు, మోతా ఎక్కువే. లోపల ద్రవం నింపిన ఫ్లూయిడ్ ట్రైనర్లలో మీట ఉండదు. వేగం పెంచేకొద్దీ రెసిస్టెన్స్ దానంతట అదే పెరుగుతుంది, గేరు మార్చడమే మీరు చేయవలసిన పని. ఉన్న ఒక్క హైబ్రిడ్‌తోనే అన్నీ చేయవలసినవారికి, 200 కిలోమీటర్ల ప్రయాణానికీ అప్పుడప్పుడు ఘాట్‌కూ రెంటికీ సిద్ధం కావలసినవారికి నేను ఫ్లూయిడ్ ట్రైనరే చెబుతాను. దీని మీద లేచి నిలబడవచ్చు, పూర్తి బలంతో తొక్కవచ్చు, మధ్యలో ఆగి నీళ్లు తాగవచ్చు, కరెంటు పోయినా పని ఆగదు.

దీనికి చెల్లించవలసిన మూల్యం టైరు. ట్రైనర్‌లో చక్రానికి ఆనే ఇనుప రోలర్ ఒత్తిడికి వెనక టైరు మధ్యభాగం చదునుగా అరిగిపోయి, నల్లటి రబ్బరు పొడి గచ్చు మీద రాలుతుంది. దీనికోసం ప్రత్యేకంగా చేసిన గట్టి రబ్బరు ట్రైనర్ టైరును పాత చక్రానికి వేసి ఉంచుకోవడం మంచిది. ఆ టైరుతో తడి రోడ్డు మీదికి మాత్రం వెళ్లకూడదు, పట్టు ఉండదు. మౌంటెన్ బైక్ గుబ్బల టైర్లు ట్రైనర్‌కూ పనికిరావు, రోలర్లకూ పనికిరావు. రెండు చోట్లా ఇల్లంతా దద్దరిల్లుతుంది. నట్టు బోల్టు ఇరుసు ఉన్నవారు ట్రైనర్‌కు సరిపోయే నట్లు పెట్టెలో వచ్చాయో లేదో కొనక ముందే చూసుకోవాలి, క్విక్ రిలీజ్ ఉన్నవారు కంపెనీ ఇచ్చిన ఇనుప స్క్యూవరే (ఇరుసు గుండా దూరే కడ్డీ) వాడాలి.

డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్లు

వెనక చక్రం విప్పి, గొలుసును నేరుగా యంత్రానికి ఉన్న క్యాసెట్ (వెనక గేరు పళ్ల చక్రాల గుత్తి) మీద వేస్తారు. టైరు అరగడం లేదు, జారడం లేదు, మోత దాదాపు లేదు. గొలుసు చప్పుడే వినిపిస్తుంది. లోపల తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్ వల్ల పెడల్ రోడ్డు మీద తిరిగినట్టే తిరుగుతుంది. ఇవి దాదాపు అన్నీ స్మార్ట్ ట్రైనర్లే: ఎన్ని వాట్లు వేస్తున్నారో కొలిచి చూపుతాయి, జ్విఫ్ట్, మైవూష్ వంటి ఇంటి సాధన యాప్‌ల తెర మీది దారిలో కొండ వచ్చినప్పుడు రెసిస్టెన్స్‌ను వాటంతట అవే పెంచుతాయి. ఎర్గ్ అనే పద్ధతిలో పెడితే, మీరు నిమిషానికి 60 సార్లు తిప్పినా 90 సార్లు తిప్పినా అడిగినన్ని వాట్లు రాబట్టి గానీ వదలవు. ఘాట్‌కు సిద్ధమయ్యేవారికి దీనికి సాటి మరొకటి లేదు. నిమిషానికి 60, 65 సార్లు మాత్రమే తిప్పుతూ, మాట్లాడితే వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవలసినంత బరువుతో ఐదేసి నిమిషాలు, మధ్యలో మూడేసి నిమిషాల విశ్రాంతితో ఐదు విడతలు చేస్తే గంట లోపే పని ముగుస్తుంది. అదే పనిని బయట చేయాలంటే హైదరాబాదు వాసులు వికారాబాదు అనంతగిరి దాకా పోవాలి.

ధర మాటకొస్తే, చాలామంది తొక్కే సైకిల్ కంటే ఈ యంత్రమే ఖరీదు. క్యాసెట్ కొన్నిటితో రాదు, విడిగా కొనాలి. మీ సైకిల్‌లో ఎన్ని స్పీడ్ల క్యాసెట్ ఉందో అదే దీనికీ ఉండాలి. సుమారు 15 నుంచి 20 కిలోల బరువుంటుంది కనుక రోజూ తీసి పెట్టే పని కాదు, ఒక మూల దానికే వదిలేయాలి. ఎక్కువ నమూనాలకు కరెంటు కావాలి. వేసవి సాయంత్రాల్లో కరెంటు పోయే ఊళ్లలో ఉండేవారు కరెంటు లేకుండా నడిచే నమూనాను వెతుక్కోవాలి, లేదా ఇన్వర్టరు మీద పెట్టుకోవాలి. సెన్సారు పాడైతే బాగుచేయగలిగేవారు మీ ఊళ్లో ఉన్నారా, లేక యంత్రాన్ని పెట్టెలో పెట్టి మరో నగరానికి పంపాలా అన్నది కొనే ముందే అడిగి తెలుసుకోవలసిన విషయం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మనవాళ్లకు ఈ చిక్కులు తక్కువ. అందులోనూ మంచు కురిసే చోట ఏటా నెలల తరబడి గ్యారేజీలోనో బేస్‌మెంట్‌లోనో తొక్కక తప్పదు కనుక, వారు రెండో ఆలోచన లేకుండా ఇదే కొనవచ్చు. ఇక్కడ ఏడాదిలో మూడు నాలుగు నెలలు, అదీ వారానికి రెండు మూడు రోజులు వాడటానికి ఇంత ఖర్చు అవసరమా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి.

స్పిన్ బైక్‌ను ప్రయాణ సాధనకు నేను సిఫారసు చేయను. సీటు, హ్యాండిల్, పెడల్ కొలతలు మీ సైకిల్‌వి కావు. ఇంట్లో నలుగురూ వాడుకునేటట్టయితే అది వేరే సంగతి.

ఇల్లు ఏమంటుంది?

యంత్రం ఎంచుకోవడంలో చాలామంది ఇంటిని మరచిపోతారు. ముందుగా వేడి. రోడ్డు మీద మీ వేగమే మీకు గాలి వీస్తుంది. గదిలో ఆ గాలి ఉండదు, చెమట ఆరదు, ఒంటి వేడి పెరిగి అదే పనికి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. సీలింగ్ ఫ్యాను చాలదు. ఎదురుగా, రొమ్ము ఎత్తులో పెద్ద పెడస్టల్ ఫ్యాను ఉండాలి. హైదరాబాదు ఏప్రిల్ ఎండల్లో కిటికీ తెరిచి కూలర్ పెట్టుకుంటే హాయిగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడి గాలి పొడిగా ఉంటుంది. విజయవాడ, విశాఖపట్నం ఉక్కపోతలో కూలర్ గదిలోని తేమను ఇంకా పెంచి చెమటను అసలే ఆరనివ్వదు కనుక, అక్కడ ఫ్యానూ తెరిచిన కిటికీలే మేలు. తొక్కడానికి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. మధ్యలో తాగిన నీళ్లు పోను ఒక కిలో తగ్గిందంటే లీటరు చెమట అదనంగా పోయిందని లెక్క. ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో పక్కనే ఉండాలి. రోలర్ల మీద మొదటి వారాల్లో చేయి వదిలి సీసా అందుకోవడం కష్టం కాబట్టి, పావుగంటకోసారి ఆగి తాగడమే దారి.

తర్వాత మోత. అపార్ట్‌మెంట్లలో చెవికి వినిపించే శబ్దం కంటే శ్లాబు గుండా కింది ఇంటి పైకప్పుకు దిగే అదురు ఎక్కువ తగవులు తెస్తుంది, అదీ తెల్లవారి ఐదింటికి. కింద మందపాటి రబ్బరు మ్యాట్ తప్పనిసరి. నున్నటి టైరు, అల్యూమినియం సిలిండర్లు ఉన్న రోలర్ల హోరు ఫ్లూయిడ్ ట్రైనర్‌కు దగ్గరగా ఉంటుంది. అయస్కాంతపు ట్రైనర్ రెంటికన్నా ఎక్కువ, డైరెక్ట్ డ్రైవ్ అన్నిటికన్నా తక్కువ.

డాబా మీద పెట్టుకుందామనుకునేవారు ఒకటి గమనించాలి. వాన నీళ్లు పోవడానికి డాబాకు వాలు పెడతారు. ట్రైనర్‌కు కాళ్ల కింద చెక్కముక్క పెట్టి సరిచేసుకోవచ్చు, కాని రోలర్లు ఆ వాలు మీద చక్రాన్ని ఎప్పుడూ ఒక పక్కకే లాగుతాయి. షాబాదు రాళ్లు పరిచిన పాత ఇళ్లలో రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటే చట్రం ఊగుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే రోలర్లు తిరిగేటప్పుడు గది తలుపు వేసుకోండి. బెల్టుకూ సిలిండర్‌కూ మధ్య వేలు పడితే ఆపడానికి బ్రేకు వేసే వ్యవధి ఉండదు. బిగించిన చక్రం, ఫ్లైవీల్ విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం.

ఇవన్నీ చూశాక కొనకుండా ఉండటం కూడా ఒక ఎంపికే. గచ్చిబౌలి, నార్సింగి పరిసరాల్లో ఉండేవారికి 2023లో 23 కిలోమీటర్ల పొడవుతో ప్రారంభమైన, సౌరఫలకాల పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే ఉంది. దాని దగ్గర ఇల్లున్నవారు వానకు భయపడి యంత్రం కొనడంలో అర్థం లేదు.

ఎవరికి ఏది?

బీఆర్ఎం 200 కోసం, ఎనిమిది వారాల వ్యవధితో, ఆదివారం బయటికి పోగల వ్యక్తికి నేను రోలర్లే చెబుతాను. వారంలో రెండు మూడు రోజులు 40 నుంచి 60 నిమిషాలు చాలు. అందులో పది నిమిషాలు మెల్లగా తొక్కి, తర్వాత నిమిషానికి 90 సార్ల నుంచి 105, 110 దాకా ఒక నిమిషం పెంచి రెండు నిమిషాలు తగ్గించడం, మిగతా సమయం ఒకే వేగాన్ని నిలపడం. రోలర్ల మీద కాలు ఆపి దొర్లే వెసులుబాటు లేదు కనుక ఈ గంట రోడ్డు మీది గంట కన్నా నిండుగా ఉంటుంది. ఏ యంత్రమూ ఆదివారపు నాలుగైదు గంటల ప్రయాణానికి బదులు కాదు; సీటు ఎక్కడ ఒరుస్తుందో, మూడో గంటలో ఏమి తింటే కడుపు ఒప్పుకుంటుందో, లైటు బ్యాటరీ ఎంతసేపు వస్తుందో రోడ్డు మీదే తెలియాలి.

ఆరు వారాల్లో అరకు ఎక్కాలనుకున్న వ్యక్తి రోలర్లు కొనకూడదు. మొదటి రెండు వారాలు తూకం నేర్చుకోవడానికే పోతాయి, మిగిలిన నాలుగు వారాల్లోనూ కావలసిన బలం రాదు. ఫ్లూయిడ్ ట్రైనర్ గానీ, స్తోమత ఉంటే డైరెక్ట్ డ్రైవ్ గానీ కొనాలి. రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరే ఉద్యోగులకు, పిల్లలు నిద్రపోయాక గంట మాత్రమే దొరికే తల్లిదండ్రులకు కూడా ఇదే సలహా, ఎందుకంటే అలసిన మనసుతో రోలర్ల మీద తూకం నిలపడం శిక్షలా తోస్తుంది, నాలుగు రోజులకే అవి మంచం కింద చేరతాయి. మెడ, నడుము నొప్పులున్నవారు, కిందపడితే ఎముకలకు ప్రమాదమున్న వయసువారు రోలర్లను పక్కన పెట్టడమే క్షేమం. ట్రాక్ మీద ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ (చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరిగేది) తొక్కే పిల్లలకు మాత్రం రోలర్లకు ప్రత్యామ్నాయమే లేదు. పోటీకి ముందు ట్రాక్ సైక్లిస్టులు ఒళ్లు వేడెక్కించుకునేది వాటి మీదే.

రోలర్లు కొన్నవారు మొదటి వారంలో చేయవలసినవి

ముందు సిలిండర్ స్థానం సరిచేయడం మొదటి పని. ఒక దారానికి చిన్న నట్టు కట్టి ముందు చక్రపు ఇరుసు నుంచి వేలాడదీయండి. దారం సిలిండర్ నడిమికి సరిగ్గా గానీ, వేలెడు వెనకగా గానీ పడాలి. దారం సిలిండర్ నడిమిని దాటి ముందుకు పడిందంటే చక్రం ముందువైపు దొర్లిపోవడానికి చూస్తుంది, హ్యాండిల్ కుదురుగా ఉండదు. చట్రంలో ఉన్న రంధ్రాలు మార్చుకుని దీన్ని సరిచేసుకోవచ్చు. టైర్లలో గాలి రోడ్డుకు పెట్టినంతే పెట్టండి. తక్కువైతే తొక్కడం బరువవుతుంది.

ఇరుకైన వసారాలో గానీ గుమ్మంలో గానీ, రెండు పక్కలా మోచేతికి గోడ అందేటట్టు రోలర్లు వేసుకోవాలి. ఎక్కడానికి ఒక పక్క గట్టి పీట ఉండాలి. మొదటి రోజుల్లో పెడల్‌కు బిగుసుకునే క్లీట్ బూట్లు వద్దు, మామూలు బూట్లే వేసుకోండి. గేరు మధ్యస్థంగా, కొంచెం బరువుగా పెట్టి, ఒక చేయి గోడకు ఆనించి తొక్కడం మొదలుపెట్టండి. నిదానంగా తొక్కితే పడరనుకోవడం పొరపాటు. చక్రం వేగంగా తిరిగేటప్పుడే సైకిల్ నిలకడగా ఉంటుంది. చూపు ముందు చక్రం మీద కాకుండా రెండు గజాల అవతల గోడ మీద ఉండాలి. చేతులు వదులుగా, మోచేతులు కొంచెం వంచి ఉంచండి.

అదుపు తప్పితే సైకిల్ రివ్వున గోడకు దూసుకుపోతుందని చాలామంది భయపడతారు. మనిషి ఒక్కచోటే ఉన్నాడు, తిరుగుతున్నవి తేలికైన చక్రాలు మాత్రమే. గచ్చును తాకగానే అవి ఆగిపోతాయి, మీరు మహా అయితే పక్కకు ఒరుగుతారు. ఆ పక్కన పదునైన బల్ల అంచు గానీ గాజు తలుపు గానీ లేకుండా చూసుకోవడమే అసలు జాగ్రత్త.

పాతవి కొనేవారికి రోలర్లంత నిర్భయమైన సరుకు లేదు. వాటిలో పాడయ్యేవి బేరింగులూ బెల్టూ మాత్రమే, రెండూ మార్చుకోదగినవే. సిలిండర్‌ను చేత్తో తిప్పి కంటి ఎత్తులో పెట్టి చూడండి. అంచు పైకీ కిందికీ కదిలితే సిలిండర్ సొట్ట పడిందని అర్థం, తొక్కినంతసేపూ గతుకులు తగులుతూనే ఉంటాయి, అలాంటివి చవకగా వచ్చినా వద్దు. పాత స్మార్ట్ ట్రైనర్‌ను మాత్రం అమ్మేవారింట్లోనే మీ సైకిల్ తగిలించి, మీ ఫోనుతో కలిపి, కనీసం అరగంట తొక్కి చూడనిదే డబ్బు ఇవ్వకండి. కొన్ని లోపాలు వేడెక్కాకే బయటపడతాయి.

సాధన ఏ యంత్రం మీద సాగినా, ప్రయాణానికి వారం ముందు సైకిల్‌ను ఒకసారి విప్పి చూడాలి. ఇంట్లో కారిన చెమట రోడ్డు మీదిలా గాలికి ఎగిరిపోదు, నేరుగా హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టుల మీద, హ్యాండిల్ తిరిగే బేరింగులున్న హెడ్‌సెట్ మీద, హ్యాండిల్ టేపు కింద దిగుతుంది. ప్రతిరోజూ పైకడ్డీ మీద తువ్వాలు కప్పి, అయ్యాక తడిగుడ్డతో తుడిచినా ఉప్పు ఎక్కడో ఒకచోట మిగులుతుంది. తుప్పు పట్టిన బోల్టులు మార్చి, హెడ్‌సెట్‌కు కొత్త గ్రీజు పెట్టించి, ట్రైనర్ మీద అరిగిన వెనక టైరు తీసి రోడ్డు టైరు వేసి, 40, 50 కిలోమీటర్లు బయట తిరిగి వచ్చాకే బ్యాగు సర్దుకోండి.